ఇంట్లో మనిషికి స్కిజోఫ్రీనియా అని తెలిస్తే ఏం చెయ్యాలి: ఒక నోట్‌బుక్కు కొనుక్కుని మొదలుపెట్టండి

మా అన్నయ్యకి ఈ జబ్బు ఉందని తెలిసినవాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకటేనండి. "వాడు డాక్టరు దగ్గరికి రానంటున్నాడు ఎలా?", "మాత్రలు ఉమ్మేస్తోంది ఏం చెయ్యాలి?", "పెళ్ళి చేస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" ప్రతిసారీ గంట గంట మాట్లాడుతున్నా, అయినా సగం మర్చిపోతున్నా, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

నేను డాక్టర్ని కాదు. 19 ఏళ్ళుగా ఇంట్లో మనిషిని చూసుకుంటున్న చెల్లిని. మాత్రల డోసు సంగతి డాక్టరే చెప్పాలి, నేను చెప్పేది మిగతా 23 గంటల 55 నిమిషాల సంగతి.

జబ్బు గురించి రెండు ముక్కలే చెప్తా. ఇది మెదడుకి వచ్చే జబ్బు. ఎక్కువగా 16 నించి 30 ఏళ్ళ మధ్యలో బయటపడుతుంది, ఆడవాళ్ళలో కొంచెం ఆలస్యంగా కూడా రావచ్చు. లేని మాటలు చెవికి వినపడతాయి, ఎవరో పగబట్టారని గట్టి నమ్మకం పడిపోతుంది, మాట ఒకదానికొకటి అతకదు, ఇవి పైకి కనపడేవి. కనపడనివి ఇంకా ఉన్నాయి, ఉత్సాహం పోవడం, మాట తగ్గిపోవడం, మొహంలో ఏ భావమూ లేకపోవడం, స్నానం కూడా బరువైపోవడం. సినిమాల్లో చూపించే "ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు" ఇది కాదు, అది పూర్తిగా వేరే సంగతి. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే మీ వీధిలో మీరొక్కరే కాకపోవచ్చు, మిగతావాళ్ళు బయటికి చెప్పట్లేదంతే. గాలి సోకడం కాదు, చేతబడి కాదు, అమ్మ గారాబం చెయ్యడం వల్ల కాదు, నాన్న కొట్టడం వల్లా కాదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- 100 పేజీల నోట్‌బుక్కు ఒకటి, దానికి తాడు కట్టిన పెన్ను. పెన్ను కనపడకపోతే ఆ రోజు రాయరు, నా అనుభవం.
- ఏడు గళ్ళ మాత్రల డబ్బా. మెడికల్ షాపులో దొరుకుతుంది.
- ఒక ఫైలు. మొదటి ఓపీ చీటీ నించి చివరి రక్త పరీక్ష దాకా అన్నీ అందులోనే, తేదీల వరసలో.
- గోడ మీద పెద్ద అక్షరాలతో మూడు నంబర్లు: 108 అంబులెన్సు, 112 పోలీసు, 14416 టెలీ మానస్. టెలీ మానస్ అనేది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సర్వీసు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.
- మనిషి ఎవరిమీద ఎక్కువ నమ్మకంగా ఉన్నాడో ఆ ఒక్కరి పేరు. అమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, చిన్నప్పటి స్నేహితుడు కావచ్చు. మందుల మాట ఆ ఒక్కరే ఎత్తాలి, పదిమందీ చెప్పకూడదు.

1. పేరు పెట్టకముందు రాయడం మొదలుపెట్టండి

"వీడు మారిపోయాడు" అని డాక్టరుకి చెప్తే ఆయనకి ఏమీ తెలీదు. "జూన్ రెండో వారం నించి రాత్రి 3 గంటలకంటే ఎక్కువ పడుకోవట్లేదు, నెల నించి మేము వండింది తినట్లేదు, ప్యాకెట్ బిస్కెట్లే తింటున్నాడు, టీవీలో న్యూస్ చదివేవాళ్ళు తన గురించే చెప్తున్నారంటున్నాడు" అంటే చాలా తెలుస్తుంది. రోజుకి నాలుగు లైన్లు చాలు: ఎంతసేపు నిద్ర, ఏం తిన్నాడు, వింతగా అనిపించిన మాట ఏదైనా ఉంటే ఆ మాట ఉన్నది ఉన్నట్టు, స్నానం చేశాడా లేదా. తర్వాత మందులు మొదలయ్యాక మాత్ర వేసుకున్నాడా అనేది ఐదో లైను.

హెచ్చరిక: నోట్‌బుక్కు దాచిపెట్టి గూఢచారిలా రాయకండి. తన మీద నిఘా ఉందని అప్పటికే నమ్ముతున్న మనిషికి మీరు దొంగచాటుగా రాసిన పుస్తకం దొరికితే ఏమవుతుందో ఆలోచించండి. "నీకు నిద్ర పట్టట్లేదు కదా, డాక్టరుకి చెప్పడానికి రాస్తున్నా" అని చెప్పే రాయండి. అడిగితే చూపించండి. కాబట్టి చూపించడానికి సిగ్గుపడే మాట అందులో రాయొద్దు.

కొన్నిటికి నోట్‌బుక్కుతో ఆగకుండా వెంటనే వెళ్ళాలి. జ్వరంతో పాటు తికమక మాటలు, ఫిట్స్, తలకి దెబ్బ, రోజూ తాగే మనిషి తాగుడు ఆపిన రెండు మూడు రోజులకి ఏవేవో కనపడుతున్నాయనడం, ఇవి వేరే జబ్బులు అయ్యుండొచ్చు, మామూలు ఎమర్జెన్సీకి వెళ్ళండి. గంజాయి వాడుతున్నాడని అనుమానం ఉంటే అదీ డాక్టరుకి చెప్పండి, పరువు పోతుందని దాచొద్దు.

2. వాదించొద్దు, అలాగని ఔనని కూడా అనొద్దు

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. నేను మొదటి రెండేళ్ళూ చేశాను.

మా అన్నయ్యకి 23 ఏళ్ళప్పుడు సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి పక్కింటాయన తనని తిడుతున్నట్టు వినిపించేది. నేను ఫ్యాను ఆపి "ఏదీ, ఇప్పుడు వినపడుతోందా? ఎవరూ లేరు, నీ భ్రమ" అనేదాన్ని. వాడు నా వైపు చూసే చూపు ఇంకా గుర్తుంది, అంటే నువ్వు కూడా వాళ్ళతో కలిసిపోయావా అన్నట్టు. తనకి నిజంగా వినపడుతోందండి. మీ ఫోన్ మోగుతుంటే పక్కనున్నవాళ్ళు మోగట్లేదంటే మీకెలా ఉంటుంది, అలా.

అమ్మ ఇంకో పొరపాటు చేసింది. వాడిని ఊరుకోబెట్టడానికి "ఔన్రా, వాళ్ళు దుర్మార్గులే" అంది. దాంతో వాడు పక్కింటి తలుపు కొట్టడానికి వెళ్ళాడు.

మధ్యలో దారి ఒకటుంది. మాట నిజమా కాదా అన్నది వదిలేసి ఆ మాట వెనక ఉన్న భయాన్ని పట్టుకోవాలి. ఇలా:

"నాకు వినపడట్లేదు అన్నయ్యా. కానీ నీకు వినపడుతోందని తెలుసు. భయంగా ఉందా? నేను ఇక్కడే కూర్చుంటా."

అంతే. ఋజువులు అడగొద్దు, నవ్వొద్దు, బంధువుల ముందు ఆ మాటలు తిరిగి చెప్పించొద్దు. ఒకేసారి ఒక్కరే మాట్లాడండి, వాక్యం చిన్నగా ఉండాలి, టీవీ ఆపెయ్యండి, తలుపుకి అడ్డంగా నిలబడొద్దు. తను కోపంగా ఉంటే దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యెయ్యడం లాంటివి వద్దు, మామూలప్పుడు ప్రేమగా అనిపించే స్పర్శ అప్పుడు దాడిలా అనిపిస్తుంది.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తను మీకు చెప్పడం మానలేదంటే పని చేస్తున్నట్టే. నమ్మకాలు మాటలతో పోవు, వాటిని పోగొట్టడం మీ పని కాదు. మీతో చెప్పుకునే దారి మూసుకుపోకుండా చూడటం మీ పని.

3. రానన్న మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం

"నీకు పిచ్చి పట్టింది, పద" అంటే ఎవరూ రారు. చాలామందికి ఈ జబ్బులో తమకి జబ్బు ఉందనే తెలీదు, అది మొండితనం కాదు, జబ్బులో భాగమే. అందుకని తను ఒప్పుకునే బాధ ఏదో వెతకండి. దాదాపు అందరికీ నిద్ర ఉండదు. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అనండి. ఇది అబద్ధం కాదు. తలనొప్పి, ఒంట్లో నీరసం, చదువు మీద దృష్టి నిలవకపోవడం, ఏదైనా సరే. ఇది కుదరకపోతే ముందు మీకు తెలిసిన మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అక్కణ్ణించి ఆయన పంపిస్తే కొంతమంది వింటారు.

గుడికని చెప్పి కారెక్కించి హాస్పిటల్లో దించడం చెయ్యకండి. ఒకసారికి పని చేస్తుంది. మళ్ళీ జీవితంలో మీ కారెక్కరు.

అసలు కదలనంటే మీరే వెళ్ళండి, నోట్‌బుక్కు పట్టుకుని. మనిషిని చూడకుండా డాక్టరు మందు రాయకపోవచ్చు గానీ ఏం చెయ్యాలో చెప్తారు. లేదా 14416కి ఫోన్ చెయ్యండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, మానసిక వైద్యుల దగ్గరికి, అంటే సైకియాట్రిస్టు. మనవాళ్ళు "నరాల డాక్టరు" అని న్యూరాలజిస్టు దగ్గర కూర్చుని నెలలు పోగొడతారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్న ప్రతి పెద్దాసుపత్రిలోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది, చాలా జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఉంటుంది. పెద్దవి అంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖపట్నం వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్‌హాన్స్. "ఎర్రగడ్డ" అనే మాటని మనం తిట్టులాగా వాడి వాడి ఆ గేటు దాటడమే నామోషీ చేసుకున్నాం. అక్కడ ఓపీ వరసలో నిలబడితే తెలుస్తుంది, టీచర్లు, డ్రైవర్లు, ఇంజనీరింగ్ పిల్లలు, చంటిబిడ్డ తల్లులు అందరూ ఉంటారు.

ప్రమాదం అనిపించినప్పుడు, అంటే చచ్చిపోతానన్నా, ఎవర్నైనా కొట్టబోతున్నా, తిండీ నీళ్ళూ పూర్తిగా మానేసినా ఇవేవీ ఆలోచించకుండా 108కో 112కో ఫోన్ చెయ్యండి. కత్తులు, పురుగుల మందు, మాత్రల డబ్బాలు ముందు తీసేయండి. ఈ జబ్బున్న వాళ్ళలో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో పోతారు. ఊరికే బెదిరిస్తున్నాడులే అనుకోకండి, "చావాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందనేది తప్పు.

ఒప్పుకోని మనిషిని చేర్చుకోవడానికి చట్టం దారి ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆ మనిషి తరఫున మాట్లాడే ప్రతినిధి దరఖాస్తు పెడితే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేలిస్తే 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో తను బాగున్నప్పుడు తనే మామూలు కాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. ఈ కాగితం ముందే రాయించుకోండి. మా అన్నయ్య నా పేరు రాశాడు.

గొలుసులతో కట్టడం ఇదే చట్టంలో నిషేధం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా చుట్టూ ఉన్న ఒక షెడ్డులో మంటలు రేగితే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. ఇప్పటికీ మన దగ్గర ఇంటి వెనక గదిలో కట్టేసిన మనుషులున్నారు. గుడికి వెళ్ళండి, దర్గాకి వెళ్ళండి, తాయెత్తు కట్టించండి, మీ నమ్మకం మీది, దానికి నేను అడ్డు చెప్పను, కానీ మందు ఆపి కాదు, కొట్టే చోటికి కాదు, కట్టే చోటికి కాదు. మేము నిమ్మకాయలు కోయించుకుంటూ 14 నెలలు పోగొట్టుకున్నాం. మందు ఎంత తొందరగా మొదలైతే అంత బాగా కోలుకుంటారని తర్వాత తెలిసింది, ఆ 14 నెలల గురించి అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

పిల్లలు విదేశాల్లో చదువుతున్న వాళ్ళకి ఒక మాట. ఈ జబ్బు బయటపడే వయసూ ఎం.ఎస్. చదువుకెళ్ళే వయసూ ఒకటే. ఫోన్ తగ్గిపోయి, రూమ్మేట్లు నా మీద కుట్ర చేస్తున్నారని మొదలైతే చదువు ఒత్తిడి అనుకుని వదిలెయ్యకండి. అమెరికాలో ఇలాంటి మానసిక సంక్షోభాలకి ఫోన్ చెయ్యడానికి 988 నంబరు ఉంది, ప్రతి యూనివర్సిటీలోనూ కౌన్సెలింగ్ సెంటర్ దాదాపుగా ఉంటుంది, ముందు అక్కడ చూపించాకే టికెట్ సంగతి.

4. డాక్టరు గదిలో ఐదు నిమిషాలు

ఓపీలో మీకు దొరికేది అంతే. నోట్‌బుక్కులోంచి గత నెల సారాంశం ఒక్క పేజీలో రాసుకెళ్ళండి. తన ముందు చెప్పలేని సంగతి ఉంటే ఆ కాగితమే ఇవ్వండి. ఇవి తప్పకుండా అడగండి: మందు పేరేంటి, ఎన్ని వారాలకి తేడా కనపడాలి, ఏ ఇబ్బంది వస్తే వెంటనే రావాలి, రక్త పరీక్షలు ఏవి, ఎప్పుడు. మొదటిసారి థైరాయిడ్, బి12 లాంటి పరీక్షలు చేయిస్తే డబ్బు గుంజుతున్నారని అనుకోకండి, ఒంట్లో ఇంకేదైనా ఉందేమో చూడటం అవసరం.

5. మందులు: ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే

మాత్ర వేసిన మర్నాటికి మాటలు వినపడటం ఆగదు. మొదటి వారం పది రోజుల్లో నిద్ర వస్తుంది, కోపం, కంగారు తగ్గుతాయి. వినపడేవి, అనుమానాలు తగ్గడానికి నాలుగు నించి ఆరు వారాలు పట్టొచ్చు. ఆ మబ్బుతనం, ఉత్సాహం లేకపోవడం అన్నిటికంటే ఆలస్యం, నెలలు పడుతుంది, కొన్నిసార్లు పూర్తిగా పోదు. ఇది తెలియక మూడో వారంలో డాక్టర్ని మార్చేస్తారు, నాలుగో వారంలో ఇంకొకర్ని. ఏ మందుకీ టైము ఇవ్వరు.

రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ ఇవన్నీ తరచూ వినే పేర్లు. ఇవి నిద్రమాత్రలు కావు, వీటికి మద్యానికి పడినట్టు అలవాటు పడరు. కానీ ఇబ్బందులు ఉంటాయి, అవి లేవని చెప్పను:

- చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకున్నట్టు నడవడం, నోట్లో చొల్లు. దీనికి వేరే మాత్ర ఉంది, డోసు కూడా మార్చొచ్చు.
- ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం. జబ్బు పెరిగిందని అనుకుంటారు, కాదు, ఇది మందు వల్ల వచ్చే అస్థిమితం కావచ్చు. చాలా నరకంగా ఉంటుందట, వెంటనే చెప్పండి.
- బరువు, షుగరు పెరగడం. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో ఎక్కువ. మొదట్లోనే బరువు, నడుము కొలత, షుగరు రాసిపెట్టుకోండి.
- ఆడవాళ్ళకి నెలసరి ఆగడం, పాలు రావడం. సిగ్గుపడి చెప్పరు, మీరే అడగండి. మగవాళ్ళకి లైంగికమైన ఇబ్బందులు, ఇవీ అంతే, దీనివల్లే చాలామంది చెప్పకుండా మాత్రలు మానేస్తారు.

మెడ ఒక పక్కకి తిరిగిపోయి బిగుసుకుంటే, కళ్ళు పైకి నిలబడిపోతే హడిలిపోకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఒక సూదితో తగ్గుతుంది. తీవ్రమైన జ్వరం, ఒళ్ళంతా కర్రలా బిగుసుకోవడం, స్పృహ తప్పినట్టుండటం ఈ మూడూ కలిస్తే మాత్రం ప్రాణం మీదికొచ్చే సంగతి, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి.

రెండు మందులకి సరిగ్గా తగ్గకపోతే క్లోజపిన్ ఇస్తారు. మిగతావాటికి లొంగని జబ్బుకి బాగా పనిచేసే మందు ఇదే, కానీ మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష చేయించాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి. జ్వరం, గొంతు నొప్పి వస్తే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టొద్దు, అదే రోజు రక్తం చూపించండి. ఇంకోటి, బాగా సిగరెట్లు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే క్లోజపిన్, ఒలాంజపిన్ రక్తంలో పెరిగిపోతాయి. మానితే మంచిదే, కానీ డాక్టరుకి ముందే చెప్పి మానాలి.

ఇప్పుడు అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న: "అన్నంలో కలిపి పెట్టొచ్చా?"

మన భాషలో "మందు పెట్టారు" అంటే అర్థం మీకు తెలుసు కదా. ఎవరో తనకి తిండిలో మందు పెట్టారని ఆ మనిషి అప్పటికే భయపడుతున్నాడు, అప్పుడు మీరు నిజంగానే సాంబారులో మందు పెడుతున్నారు. తెలిసిన రోజున తన భయమే నిజమైపోతుంది, ఇక అమ్మ చేతి అన్నం కూడా తినడు. మేము ఐదు నెలలు పెట్టాం. తెలిసిపోయాక ఏడాది పాటు వాడు తన అన్నం తనే వండుకున్నాడు, గది గడియ వేసుకుని. పైగా అందులో ఎంత డోసు లోపలికెళ్ళిందో, మజ్జిగ సగం వదిలేస్తే ఏమైందో ఎవరికీ తెలీదు. దానికంటే ఇవి చూడండి: నోట్లో పెట్టగానే కరిగిపోయే మాత్రలు ఉన్నాయి, చుక్కల మందు ఉంది, రోజుకి మూడుసార్లు కాకుండా రాత్రి ఒక్కసారికి మార్చమని అడగొచ్చు, రెండు వారాలకో నెలకో ఒకసారి చేసే సూదిమందు ఉంది. మా ఇంట్లో గొడవ ఆగింది ఆ సూదితోనే. "మాత్ర వేసుకున్నావా" అని రోజూ అడిగే పని పోయింది, అన్నాచెల్లెళ్ళలా మాట్లాడుకోవడానికి వేరే సంగతులు మిగిలాయి.

ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వెయ్యొద్దు. నెల మందులు అయిపోయే రోజు కాదు, వారం ముందే తెచ్చుకోండి. మొత్తం స్టాకు తన గదిలో ఉంచొద్దు.

ఎన్నాళ్ళు? మొదటిసారి వచ్చి తగ్గినా ఏడాది రెండేళ్ళయినా కొనసాగించమంటారు, రెండు మూడుసార్లు తిరగబెడితే ఐదేళ్ళు, ఇంకా ఎక్కువ. ఆపడమంటూ ఉంటే డాక్టరు దగ్గరుండి కొంచెం కొంచెంగా తగ్గించాలి. "బాగున్నాడుగా ఇంకెందుకు" అని నాన్నగారి స్నేహితుడొకాయన అన్నారు, ఎనిమిదో నెలలో ఆపేశాం. మూడు నెలలు నిజంగానే బాగున్నాడు, ఆ మూడు నెలలే మోసం చేస్తాయి. నాలుగో నెల మా ఊరి స్టేషన్లో దొరికాడు, కాళ్ళకి చెప్పుల్లేకుండా.

6. ఇంట్లో మాట

మందు వేసుకుంటున్నా తిరగబెట్టే ఇళ్ళని చూసి పరిశోధనలు చేశారు, ముందు లండన్లో, తర్వాత మన చండీగఢ్‌లో కూడా. ఎప్పుడూ తప్పులు పట్టడం, కోపం, అలాగే మరీ అతిగా పట్టుకుని వేలాడటం, ఇవి ఎక్కువ ఉన్న ఇళ్ళల్లో జబ్బు ఎక్కువ తిరగబెడుతోందని తేలింది. జబ్బు మీ వల్ల రాలేదు, మళ్ళీ చెప్తున్నా. కానీ ఇంటి గాలి దాన్ని పెంచగలదు, తగ్గించగలదు.

"సోమరిపోతు, తిని పడుకుంటున్నాడు" అనే మాట మొదట ఆపండి. కుర్చీలోంచి లేవలేకపోవడం కూడా జబ్బే, కాలు విరిగిన మనిషిని పరుగెత్తమంటామా. "ఎప్పుడు చూసినా కంపు కొడుతూ ఉంటావు" అనే బదులు "నీళ్ళు కాగాయి, తువ్వాలు పెట్టా" అనండి. ఒకసారి చెప్పండి, రెండోసారి అరగంట తర్వాత చెప్పండి, మూడోసారి చెప్పకండి. చిన్న పని ఒకటి రోజూ ఒకే టైముకి అప్పగించండి, మొక్కలకి నీళ్ళు, పాల ప్యాకెట్టు తేవడం, ఏదైనా. చేస్తే చేశావని చెప్పండి. చెయ్యకపోతే ఆ రోజుకి వదిలెయ్యండి.

అలాగని అన్నం కలిపి నోట్లో పెట్టే స్థితికి కూడా వెళ్ళొద్దు. 30 ఏళ్ళ మనిషికి షర్టు గుండీలు పెడుతుంటే తను ఇంకా చిన్నపిల్లాడినే అనుకుంటాడు.

7. తిరగబెట్టే ముందు గుర్తులు

ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాయి, కానీ ఆ మనిషికి దాదాపు ప్రతిసారీ అవే. మా అన్నయ్యకి వరస ఇదీ: రెండు రాత్రులు నిద్ర తగ్గుతుంది, తర్వాత కిటికీలు మూస్తాడు, ఫోన్ స్విచాఫ్ చేస్తాడు, తర్వాత చెవిలో దూది. దూది దాకా వస్తే ఆలస్యమైనట్టే. ఇది నోట్‌బుక్కు వెనక్కి తిప్పి చూస్తే దొరికింది, గుర్తుపెట్టుకుని కాదు. మీరూ పోయినసారి ముందు మూడు వారాల పేజీలు చదవండి, తనతో కూర్చునే చదవండి, అట్ట మీద ఎర్ర సిరాతో మూడు గుర్తులు రాసి, ఇవి కనపడితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయండి. తను బాగున్నప్పుడు ఒప్పుకున్న కాగితం కాబట్టి తర్వాత చూపిస్తే కొంతైనా వింటాడు.

8. పెళ్ళి, పని, కాగితాలు

పెళ్ళి మందు కాదు. ఈ ఒక్క మాట అచ్చేసి పంచాలనుంది నాకు. పెళ్ళి హడావుడిలో నిద్ర ఉండదు, కొత్త మనిషి ముందు మాత్ర దాస్తారు లేదా మానేస్తారు, నెల తిరక్కుండా తిరగబెడుతుంది, ఆ వచ్చిన పిల్లకి ఏం జరుగుతోందో తెలీదు. ఈ జబ్బున్నవాళ్ళు పెళ్ళి చేసుకుని బాగున్న వాళ్ళున్నారు, చేసుకోకూడదని నేను అనను. కానీ జబ్బు నిలకడగా ఉన్నాక, అవతలివాళ్ళకి పూర్తిగా చెప్పాక, కుదిరితే ఇద్దర్నీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టాక. గర్భం ప్లాన్ చేసుకుంటే మందులు సొంతంగా ఆపకుండా ముందే అడగాలి.

పనిలోకి మెల్లగా. మొదట రోజుకి రెండు గంటలు, ఒత్తిడి లేనిది, తెలిసినవాళ్ళ దగ్గర అయితే మంచిది. రాత్రి షిఫ్టులు వద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. 40 శాతం, అంతకంటే ఎక్కువ అని మెడికల్ బోర్డు తేలిస్తే సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వస్తాయి, దాంతో రాష్ట్ర పెన్షన్‌కి, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుకి అర్హత ఉందేమో అడగొచ్చు. బోర్డుకి వెళ్ళే రోజు ఫైలు మొత్తం తీసుకెళ్ళండి. చేసే తప్పు ఏంటంటే ఆ రోజు మంచి బట్టలేసి, "అన్నీ తనే చేసుకుంటాడు సార్" అని పరువు కోసం చెప్పి రావడం. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. హెల్త్ ఇన్సూరెన్సు ఉంటే శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకీ ఇవ్వాలని 2017 చట్టంలోనే ఉంది, ఒకసారి కాదన్నారని వదిలెయ్యకండి, ఏ కారణంతో కాదంటున్నారో రాతపూర్వకంగా అడగండి.

9. మీ సంగతి

వంతులు వేసుకోండి. అమ్మ ఒక్కత్తే చూసుకునే ఇంట్లో రెండేళ్ళకి ఇద్దరు పేషెంట్లు అవుతారు. వారానికి ఒక సాయంత్రం మీది, ఏడవాలనిపిస్తే ఏడవండి, సినిమాకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. 14416 చూసుకునేవాళ్ళకి కూడా. తోబుట్టువుల్లో "నాకూ వస్తుందా" అనే భయం ఉంటుంది, పైకి అనరు. అన్నకో అక్కకో ఉంటే మిగతావాళ్ళకంటే అవకాశం ఎక్కువే గానీ, తోబుట్టువుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. నేను ఆ భయంతో నాలుగేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఉన్నా.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

రోజుతో రోజుని పోల్చొద్దు, పిచ్చెక్కిపోతుంది. నోట్‌బుక్కులో ఈ నెల 10వ తారీఖుని పోయిన నెల 10తో పోల్చండి.

రెండు వారాలకి: నిద్ర 6 గంటలు దాటిందా, తిండి కుదుటపడిందా. లేకపోతే డాక్టరుకి ఫోను.

ఆరు వారాలకి: వినపడేవి పూర్తిగా పోకపోయినా వాటికి జవాబు చెప్పడం తగ్గిందా, ఇంట్లో వండింది తింటున్నాడా. మాత్రలు ఒక్కపూట తప్పకుండా పడ్డాయని నోట్‌బుక్కు చెప్తున్నా ఏమీ మారకపోతే అప్పుడు మందు మార్చమని అడగండి. సగం రోజులు ఖాళీ ఉంటే మందుది తప్పు కాదు, సూది గురించి అడగండి.

ఆరు నెలలకి: ఇంట్లో వాళ్ళతో కాకుండా బయట ఇంకో మనిషితో మాట్లాడాడా, రోజులో ఒక పనైనా తనంతట తను చేశాడా, బరువు ఎంత పెరిగింది, షుగరు ఎంత. మాటలు వినపడటం పూర్తిగా ఆగిందా అన్నది ఒక్కటే కొలత కాదండి. కొంతమందికి ఎప్పటికీ కొంచెం వినపడుతూనే ఉంటాయి, అయినా వాటిని పక్కన పెట్టి బతుకు నడుపుకుంటారు.

మాకిప్పుడు ఇది పదిహేడో నోట్‌బుక్కు. మూడేళ్ళ నించి అన్నయ్యే రాసుకుంటున్నాడు, పొద్దున జిరాక్స్ షాపులో నాలుగు గంటలు పని చేసి వచ్చి. అడిగి, వాడి అనుమతితోనే నిన్నటి పేజీ ఇక్కడ పెడుతున్నా:

"నిద్ర 7 గంటలు. ఇడ్లీ 4, అన్నం, రాత్రి 2 చపాతీ. స్నానం చేశా. మధ్యాహ్నం ఫ్యాను దగ్గర ఆయన మాట్లాడాడు, తక్కువసేపు, రేడియో పెట్టుకున్నా. సూది వచ్చే మంగళవారం. చెల్లి టీలో పంచదార ఎక్కువేసింది."

ఐదో లైను దాకా రాయమన్నాను, ఆరోది వాడి సొంతం.